రాలుకాయల మధ్య బొమ్మల ప్రదర్శన

1961 వేసవి మొదలు. నూజివీడులో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేరి అప్పటికి నాకు రెండేళ్ళయింది. ఉద్యోగం టెంపరరీ. వారానికి ప్రతి క్లాసుకూ ఒక్క పీరియడు ఉండేది. అది కూడా లెక్కల మాస్టారికో ఇంగ్లీషు మాస్టారికో పాఠం మిగిలిపోతే వాళ్ళకే పోయేది. డ్రాయింగు పీరియడంటే పిల్లలకు ఆటవిడుపు, తోటి మాస్టర్లకు అడగ్గానే అప్పు పుట్టే చోటు.

ఆ ఏడాది స్కూలు కమిటీలో ఒక మాట బయల్దేరింది. నా స్థానంలో ఇంకో లెక్కల మాస్టారిని వేసుకుంటే పరీక్షా ఫలితాలు మెరుగుపడతాయని. ఆ మాట అన్నది వీరభద్రయ్య గారు. ఊరి పొలిమేరలో పెద్ద మామిడితోట ఉన్న రైతు. కమిటీలో ఆయన మాటకు తిరుగులేదు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనే మనిషి కారు. అందుకే నా ఎదుటే అనేశారు.

"మాస్టారూ, మీ మీద నాకేం లేదండి. కానీ బొమ్మలు గీస్తే పిల్లలకి ఏం ఒరుగుద్దో మీరే చెప్పండి."

నేను ఏదో గొణిగాను. ఇంటికి వచ్చి మా ఆవిడ సుశీలకు చెబితే ఆమె ఉయ్యాల వైపు చూసింది. మా పెద్దదానికి అప్పటికి ఐదో నెల.

మా హెడ్మాస్టరు గారు పెద్ద మనసున్న మనిషి. "ఆయనకి జవాబు నోటితో చెప్పకండి. పిల్లలు గీసినవన్నీ ఒకచోట పెట్టి తల్లిదండ్రుల్ని పిలవండి. కమిటీ వాళ్ళనీ రమ్మందాం. చూశాక అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. తీరా చూస్తే స్కూలు హాల్లో పరీక్షలు. ఊళ్ళో అంత పెద్ద చోటు ఇంకెక్కడుంది? హెడ్మాస్టరు గారు వెళ్ళి వీరభద్రయ్య గారినే అడిగారు, ఆయన మామిడికాయల షెడ్డు ఇమ్మని.

"కోతకి ఇంకా టైముందిగా. ఖాళీగానే ఉంది, వాడుకోండి" అన్నారట. తనకు నచ్చని పనికి తన షెడ్డే ఇచ్చారు. అదీ ఆయన తీరు.

అది పొడవాటి రేకుల షెడ్డు. మూడు వైపులా గోడలు, రోడ్డు వైపు బార్లా తెరిచి ఉంటుంది. కోత రోజుల్లో కాయనంతా అక్కడే పోసి, ఏరి, గడ్డి పరిచిన బుట్టల్లో సర్ది, హనుమాన్ జంక్షన్ మీదుగా లారీల్లో పంపేవారు. మేము గోడల వెంబడి వెదురు తడకలు నిలబెట్టి, పురికొసలు కట్టి, వాటికి బొమ్మలు తగిలించాం.

బొమ్మల ప్రదర్శనలో చూసేవాళ్ళకు తెలియని చాకిరీ ఒకటుంటుంది. ప్రతి బొమ్మకూ మౌంట్ కట్టాలి. మౌంట్ అంటే బొమ్మ చుట్టూ అంచులా అంటించే దళసరి అట్ట. అది లేకపోతే ఎంత మంచి బొమ్మైనా గోడకు అతికించిన కాగితంలాగే ఉంటుంది. నేను, సుశీల కలిసి ఇంట్లో గంజి కాచుకుని వారం పాటు అదే పనిలో ఉన్నాం. బొమ్మలన్నీ దాదాపు వాటర్ కలర్లే. నీళ్ళతో కలిపి వేసే ఆ రంగులు ఎండిపోయాక కూడా నీటిచుక్క పడిందంటే మళ్ళీ కరిగిపోతాయి. ఆయిల్ పెయింటుకు ఆ భయం లేదు కానీ అది కొనే స్తోమత మా పిల్లలకెక్కడిది!

పిల్లల బొమ్మల మధ్య నాది కూడా ఒకటి పెట్టాను. మాఘమాసంలో, వీరభద్రయ్య గారి తోట నిండా పూత మీద ఉన్నప్పుడు, గట్టు మీద కూర్చుని వేసింది.

ప్రదర్శన రేపనగా మధ్యాహ్నం నేను స్కూల్లో ఉన్నాను. ఉన్నట్టుండి గది చీకటైపోయింది. కిటికీ రెక్కలు దబదబా కొట్టుకున్నాయి. బయట ఎర్రటి దుమ్ము ఆకాశమంత ఎత్తున లేచింది, దాని వెనకే వాన, వానతో పాటు వడగళ్ళు. మామిడి ఊళ్ళో ఏప్రిల్ నెల గాలివాన అంటే ఏమిటో అప్పుడే చూశాను. వరండాలో నిలబడ్డ మాస్టర్లలో సగం మందికి తోటలున్నాయి. ఒకాయన కండువా నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయారు.

గాలి తగ్గీ తగ్గకముందే షెడ్డు వైపు పరుగెత్తాను. దారి పొడవునా తోటల్లో నేల కనిపించలేదు. ఆకులు, విరిగిన కొమ్మలు, వాటి మీద పచ్చికాయలు. గాలి నిండా మామిడి సొన వాసన. ఊరంత నష్టం కళ్ళ ముందు కనిపిస్తున్నా, నిజం చెప్పాలంటే, నా ప్రాణమంతా కాగితాల మీదే ఉంది.

షెడ్డు చేరాను. ఒక వైపు రేకులు లేచిపోయాయి. తడకలు నీళ్ళలో బోర్లా పడున్నాయి. పురికొసలు తెగి వేలాడుతున్నాయి. వాటికి ఒక్క బొమ్మ లేదు.

రేకులు మిగిలిన మూల పదిహేనిరవై మంది ఆడవాళ్ళు దగ్గర దగ్గరగా కూర్చుని ఉన్నారు. తోటలో కలుపు తీయడానికి వచ్చిన కూలీలు, గాలివానకు షెడ్డులోకి చేరారు. అందరూ తడిసి ముద్దయ్యారు. వాళ్ళ మేస్త్రి నాంచారమ్మ నన్ను చూసి లేచింది. పొడగరి, నలభై దాటిన మనిషి. అంతకుముందు ఒకటి రెండుసార్లు చూశానే గానీ మాట్లాడింది లేదు.

"పోయినయ్యనుకున్నారా మాస్టారండీ?" అంది.

పక్కనున్న గంప పైకెత్తింది. దాని కింద గోనెసంచి మడతలో బొమ్మలు. ఇంకో గంప ఎత్తింది. ఇంకొన్ని. ఆడవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. వాళ్ళ వీపుల వెనక, గోడకూ వాళ్ళకూ మధ్య, బోర్లించిన గంపల వరస ఉంది.

"ముందు తాళ్ళు తెగినయ్యండీ. ఒక బొమ్మ ఎగిరొచ్చి మా సత్తెమ్మ మొహానికి కొట్టుకుంది. అట్ట కదండీ, చురుక్కుమంది దానికి. అప్పుడు పైకి చూశాం, రేకు లేస్తంది. ఇంక ఆగలా. తలా నాలుగు పీక్కొచ్చి గంపల కింద పెట్టేశాం. జల్లు కొడతందని అడ్డం కూచున్నాం."

"మీ ఇళ్ళ దగ్గర ఎలా ఉందో ఏమిటో నాంచారమ్మా" అన్నాను.

"ఆ గాల్లో ఎటు పోతామండీ? ఈడే ఉన్నాం. ఉన్నాం కాబట్టి చేశాం. ఇప్పుడెళ్ళి చూసుకోవాల" అంది. కొంగు పిండుకుని, మిగతా వాళ్ళను కేకేసి బయల్దేరింది.

వాళ్ళ పేటలో చాలా ఇళ్ళకు పైకప్పులు లేచిపోయాయని నాకు మర్నాడు తెలిసింది. తడిసిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లో చెట్టు పచ్చరంగు ఆకాశంలోకి కారిపోయింది. మిగిలినవన్నీ శుభ్రంగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే వీరభద్రయ్య గారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. ఎదురుగా పెట్టిన కాఫీ మీగడ కట్టింది.

"ప్రదర్శన మానేస్తున్నానండి. మీకు షెడ్డు అవసరం కదా, బొమ్మలు తీసేసుకుంటాను" అన్నాను.

"రాలిన కాయ ఈ రెండు మూడు రోజుల్లో ముక్కలు కోసి ఎండబెట్టకపోతే అదీ దక్కదు మాస్టారూ. ఒరుగులు చేయించాలి. షెడ్డు నిండిపోద్ది. అయినా కాయ పోసేది నేల మీద. మీ బొమ్మలు గోడ మీద. మధ్యలో తగువేముంది?"

"ఊరంతా ఇంత నష్టపోయి ఉంటే బొమ్మలు చూడమని ఎలా పిలవనండి?"

"పిలవకండి. కాయ కోసం ఎలాగూ వస్తారు."

ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పరిస్థితుల్లో ఇంకొక మనిషికి వద్దని చెప్పే ఓపిక లేకపోయిందేమో. ఏదైనా సరే, ఆ మధ్యాహ్నానికి రేకులు లేచిన చోట టార్పాలిన్ కట్టారు. నేను తడకలు మళ్ళీ నిలబెట్టాను. బండ్ల మీద రాలుకాయ వచ్చి గుట్టలు గుట్టలుగా పడుతుంటే నేను గోడ వెంబడే బొమ్మలు తగిలించుకుంటూ పోయాను.

అలా మొదలైంది మా ప్రదర్శన. ప్రారంభోత్సవం లేదు, ఉపన్యాసాలు లేవు. నాంచారమ్మ ముఠా వరసగా కత్తిపీటలు వేసుకుని కూర్చుంది. ముక్కలు కోసే చప్పుడు, వాటి పులుపు వాసన, మధ్యమధ్య వాళ్ళ మాటలు. తల ఎత్తితే ఎదురుగా బొమ్మలు.

"ఆ దూడ ఎవరిదంటావే?" అనేది ఒకతె.

"ఎవరిదైతే ఏం, తల్లి కోసం చూస్తంది పాపం."

ముక్కలు ఆరబోయడానికి లేచినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ ముందు ఆగి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ముట్టుకోకుండా చూసి వెళ్ళేవారు. చుట్టుపక్కల రైతులు ధర వాకబు చేయడానికి వచ్చారు. లారీల వాళ్ళు వచ్చారు. తల్లిదండ్రులు కూడా వచ్చారు, తమ పిల్లవాడు గీసింది ఎక్కడుందని వెతుక్కుంటూ. కాయగుట్టల మధ్య మనిషి పట్టేంత దారి ఒకటి వదిలి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు దాన్ని ఖాళీగా ఉంచారు.

నా మనసు మాత్రం పూత బొమ్మ దగ్గరే పీకుతూ ఉంది. కాపంతా రాలిపోయి కాళ్ళ దగ్గర పడుంటే, ఎదురుగా నిండుపూతతో తోట. పుండు మీద కారం చల్లినట్టుండదూ? పెట్టి ఉండకూడదనిపించి, తీసేద్దామని వెళ్ళాను. దాని ముందు చాట్రాయి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు. ఆయనకు తోట తప్ప వేరే ఆధారం లేదని, ఆ తోటలో కాయ మిగల్లేదని అప్పుడే ఎవరో చెప్పుకుంటుండగా విన్నాను.

నేను పురికొస విప్పబోతే ఆయన, "ఎందుకండీ తీస్తున్నారు?" అన్నారు.

"చూస్తే బాధగా ఉంటుందేమోనని..."

"ఇది ఈ ఏటి పూతేనా?"

"అవునండి. మాఘంలో వేశాను."

ఆయన ఇంకా దగ్గరికి వచ్చి చూశారు. "అయితే ఉండనీండి బాబూ. కాయ పోతే పోయింది గానీ, పూత వచ్చిన మాట అబద్ధం కాదుగా" అన్నారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కాయగుట్టల మధ్య నుంచి నెమ్మదిగా వెళ్ళిపోయారు.

కాటా దగ్గర నిలబడ్డ వీరభద్రయ్య గారు ఆ మాట విన్నారు. కాసేపటికి ఆయన కూడా వచ్చి ఆ బొమ్మ ముందు నిలబడ్డారు. ఒక చెట్టు మీద వేలు పెట్టబోయి ఆగి, "ఇది మా నాన్న వేసిన చిన్నరసం చెట్టు" అన్నారు. ఆ గొంతు నేనంతకుముందు వినలేదు. ఆ తర్వాత రోజూ పని మొదలయ్యే ముందు ఒకసారి అక్కడ నిలబడి వెళ్ళడం చూశాను.

రాలుకాయ తరిగిపోతున్న రోజుల్లో ఒకనాడు నాంచారమ్మ అడిగింది. "బొమ్మలు ఎప్పుడు తీసేస్తారు మాస్టారండీ?"

"కాయ అయిపోగానే తీసేస్తానమ్మా."

ఆమె తన వాళ్ళ వైపు తిరిగి, "అయితే నెమ్మదిగా కోయండే" అంది.

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. వీరభద్రయ్య గారు కోపగించుకుంటారేమోనని నేను అటు చూశాను. ఆయన నవ్వుతున్నారు. గాలివాన తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

కమిటీ మీటింగు సెలవుల్లో జరిగింది. నేను లేను. హెడ్మాస్టరు గారు చెప్పింది ఇదీ: వీరభద్రయ్య గారు మొదటే లేచి, "లెక్కల మాస్టారు కావాలంటే ఇంకొకర్ని వేసుకుందాం. ఈయన్ని మాత్రం కదిలించొద్దు" అని కూర్చున్నారట. కారణం ఎవరూ అడగలేదట. ఇంటికి వెళ్ళి ఆ కబురు చెబితే సుశీల వంటింట్లోంచి బయటకు రాలేదు. గుమ్మం అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

తాటాకులు వేసి పేటలో ఇళ్ళు మళ్ళీ కప్పుకున్నాక నేను నాంచారమ్మ ఇంటికి వెళ్ళాను. చేతులు జోడించి, "మీరు చేసిన పనికి నేనేం ఇవ్వగలనో చెప్పు" అన్నాను.

ఆమె సిగ్గుపడింది. "మాకేం ఇస్తారండీ. వచ్చే ఏడు ఎప్పుడు పెడతారో ముందుగా ఓ మాట చెప్పండి చాలు. ఈ ఏడు బురద కాళ్ళతో చూశాం. మంచి చీర కట్టుకొచ్చి చూస్తాం" అంది.

ట్రైనింగులో మాకు చెప్పిన పాఠం ఒకటుండేది. బొమ్మ చూడాలంటే తీరిక ఉండాలి, మనసు నిమ్మళంగా ఉండాలి అని. ఆ ఏప్రిల్ నెల తర్వాత నేను ఆ పాఠం ఏ పిల్లవాడికీ చెప్పలేదు. కత్తిపీట మీద చేతులు ఆడుతుండగా చూసినవాళ్ళను చూశాను. ఏడాది కష్టం నేలపాలైన మనిషి నా బొమ్మను ఉంచమని అడగడం విన్నాను. బొమ్మలు చూసేవాళ్ళు వేరే ఉంటారు, పనిచేసేవాళ్ళు వేరే ఉంటారు అనే ఆలోచన నాలో ఉంటే అది ఆ షెడ్డులోనే రాలిపోయింది. తర్వాత ప్రదర్శన ఎక్కడ పెట్టినా మొదటి పిలుపు పేటకే వెళ్ళేది, నేనే వెళ్ళి చెప్పి వచ్చేవాణ్ణి.

మరుసటి ఏడు ప్రదర్శన మొదటి రోజు పొద్దున్నే వాళ్ళు వచ్చారు. ఉతికిన చీరలు, తలల్లో కనకాంబరాలు, చంకల్లో పిల్లలు. వీరభద్రయ్య గారు ఆ పూట పని పెట్టలేదు. నాంచారమ్మ ముందు నడిచింది. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, తనకు ఎంతసేపు కావాలో అంతసేపూ నిలబడి, అప్పుడు తర్వాతి దాని దగ్గరికి వెళ్ళింది. ఆమె వెనక వరసలో ఉన్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు.