బందరులో బట్ట ముట్టరాదు

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. బందరులో ఉన్నన్నాళ్లూ నేను బట్ట ముట్టరాదు. ముడితే వెంటనే తిరుగు బస్సు.

షరతుకు కారణం ఉంది. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు. ఇద్దరం పోచంపల్లి వైపు మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లం. పెళ్లయ్యాక నేను ఆమెను తీసుకుపోయిన ప్రతి ఊరూ చివరికి ఏదో ఒక బట్టల బజారుగా తేలింది. తిరుపతి అని బయల్దేరి కంచి వైపు మళ్లించాను. దేవుడికంటే జరీనే ఎక్కువసేపు చూశాను. ఆమెకు యాభై దగ్గర పడుతున్నా సముద్రం మాత్రం చూపించలేదు. ఇప్పుడు బందరు అనగానే ఆమెకు అనుమానం వచ్చింది. పక్కనే పెడన, అక్కడ కలంకారీ. అనుమానం నిజమే.

శనివారం పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కాం. ముందు సీటావిడ కొంగు నా మోకాళ్ల మీద పడుతుంటే హయత్‌నగర్ దాటేలోపే చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

బందరులో మొదట డచ్చివాళ్ల సమాధులు చూశాం. వాళ్లు అంత దూరం నుంచి బట్టల బేరానికే వచ్చారని గొప్పగా చెప్పాను.

"చూసినవా? బట్టల ఎంబడి పడ్డోళ్లు గిట్ల పండుకున్నరు" అంది.

రాళ్ల మీది సంవత్సరాలు తీసివేసి చూసుకున్నాను. చాలామంది నాకంటే చిన్న వయసులోనే పోయారు. ఆ సంగతి పైకి చెప్పలేదు.

ఆదివారం లాడ్జిలో కళ్లు తెరిచేసరికి దుప్పటి అంచు నా వేళ్ల మధ్య ఉంది. అంగుళానికి ఎన్ని పోగులో వేళ్లు వాటంతటవే లెక్కపెడుతున్నాయి. మా ఆవిడ నిలబడి చూస్తోంది.

"ఏందయ్యా అది?"

"దుప్పటి."

"దుప్పటి బట్ట కాదా?"

"లాడ్జి సామానే. మంచం లెక్కలకే వస్తది."

"నడువు బస్టాండుకు." సంచి సర్దేసింది.

"మరి సముద్రం?"

"నీ దుప్పట్ల చూసుకో."

పన్నెండు దాకా బస్సు లేదన్నాను. అరగంటకొకటి ఉందని ఆమెకు తెలియదు. అందాకా బస్టాండులో దోమల మధ్య కూర్చోవడం కంటే సముద్రం ఒడ్డున నిలబడటం నయమని ఒప్పించి, ఆటోలో మంగినపూడి తీసుకుపోయాను.

సంచి భుజానికే ఉంచుకొని ఆమె ఒడ్డున నిలబడింది. మొదటి అల పాదాలు తడిపి పోయింది. ఆమె కాలివేళ్లు ఇసుకలోకి దించింది. కోపమో సంతోషమో నాకు తెలియలేదు. అప్పుడే పక్కన నిలబడ్డ ఒకావిడ కొంగు గాలికి ఎగిరింది. ఇక్కత్ చీర. మా ఆవిడ చెయ్యి చాచి కొంగు పట్టుకొని తిరగేసింది.

"ఏవండీ, ఏంటిది?" ఆవిడ కొంగు లాక్కుంది.

"అక్కా, ఇది నేసింది గాదు, అచ్చు గుద్దిండ్రు. చూడు, ఎనక రంగు పాలిపోయింది. అసలుదైతే రెండు దిక్కుల ఒక్క తీరే ఉంటది. నిన్ను ముంచిండ్రు."

"అయ్యో, పోచంపల్లిదని మా ఆయన దిల్‌సుఖ్‌నగర్ నుంచి తెచ్చారండీ! ఏవండోయ్, ఒకసారి ఇలా రండి!"

మా కొట్టులో అచ్చు చీరలు ఉండవు. అయినా ఎందుకైనా మంచిదని మొహం సముద్రం వైపు తిప్పుకున్నాను. ఆవిడ మొగుడి దగ్గరికి విసవిసా పోయాక మా ఆవిడ ముందు చెయ్యి చాచాను.

"సంచి ఇయ్యి. బస్టాండుకు పోదామా?"

ఆమె తన చేతిని చూసుకుంది.

"గాలికొచ్చి నా చేతిల పడ్డది. నేను ముట్టలే."

"దుప్పటి గూడ గట్లనే..."

"నోరు మూసుకొని సంచి పట్టుకో. నేను ఇంకా లోపలికి పోవాలె."

చీర ఎగదోపుకొని నీళ్లలోకి నడిచింది. సంచి నెత్తిన పెట్టుకొని నేనూ వెనకే నడిచాను. నీళ్లు మోకాళ్లు దాటాక ఆమె కుచ్చిళ్లు పైకి తేలాయి. రంగు దిగుతోందా అని వంగబోయి ఆగాను. రెండు చేతులతోనూ సంచిని గట్టిగా పట్టుకున్నాను.