మేకలన్నాక దగ్గవేటి?

పైడమ్మ ఊరు విడిచిపోవడానికి కారణం నేను. ఈ ముక్క ఇన్నేళ్ళుగా నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. ఇంట్లో ఆవిడకు చెప్పలేదు. మా డాక్టరుగారికి చెప్పలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు పెద్దవాళ్ళు. నాది పోతుందని చెప్పడం లేదు, మోయలేక చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

నేను పశువుల ఆసుపత్రిలో సహాయకుణ్ణి. సాలూరుకు ఇవతల కొండవార పల్లెలు మావి. డాక్టరుగారికి రెండు మండలాల పని, ఆయన వచ్చే రోజులు తక్కువ. కాబట్టి కట్టు కట్టేదీ, సూది వేసేదీ, మందు తాగించేదీ నేనే. పల్లెల్లో నన్నే డాక్టరు బాబూ అని పిలిచేవారు. కాదండీ, డాక్టరుగారు వేరే ఉన్నారు అని ఒక్కనాడైనా అన్నానా? అనలేదు. ఆ పిలుపు నాకు బాగా రుచించింది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది. తొలకరి పడింది. గొర్రెలకీ మేకలకీ కడుపులో పురుగులు చావడానికి నట్టల మందు తాగించే రోజులు. అసిరినాయుడు అనే అతని మందకు పోస్తున్నాను. అతనికి చెప్పుకోదగ్గ భూమి లేదు, మేకలే అతని బతుకు. ఆ మధ్యాహ్నం సాలూరులో మా బావమరిది కొత్త లారీకి పూజ, భోజనాలు. నా మనసంతా అక్కడే ఉంది.

మేకకు మందు పోసేటప్పుడు తల మరీ ఎత్తకూడదు. మూతి కంటికి సమానంగా ఉంటే చాలు. దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పోయాలి. దగ్గితే వెంటనే వదిలెయ్యాలి, లేకపోతే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది తెలియనివాణ్ణి కాదు, ఇంకొకరికి నేర్పినవాణ్ణి. ఆ రోజు మాత్రం అసిరినాయుడి చేత తల ఆకాశానికి ఎత్తి పట్టించి, ఒక్క గుక్కలో పోసేశాను. ఒకటి దగ్గింది. ఇంకోటి దగ్గింది. ముక్కుల్లోంచి తెల్లగా మందు కారింది. చూశాను. చూసి, తరవాతి మేకను పట్టమన్నాను.

పక్కింటి పైడమ్మ అక్కడే ఉంది. మొగుడూ పిల్లలూ లేక ఒంటిగా బతికే ముసలిది. చోడి అంబలి గిన్నె నా చేతికిచ్చి, మంద వైపు చూసి, "ఎంత నున్నగున్నాయిరా అసిరీ నీ మేకలు!" అంది. ఉత్త మురిపెం.

మర్నాటి నుంచి మేకలు దగ్గుతూ, మేత ముట్టక, ఒకదాని వెనక ఒకటి చచ్చిపోవడం మొదలైంది. చూలు మేకలూ పోయాయి. కబురు అందగానే నాకు తెలిసిపోయింది. డాక్టరుగారు వచ్చి కోసి చూస్తే నా నిర్వాకం బయటపడుతుంది. అందుకని, అంటురోగమేమో, వానరోజులు, ఆలస్యం చేయకుండా పూడ్చేయమన్నాను. అసిరినాయుడు ఏడుస్తూనే గొయ్యి తవ్వాడు. నాకు భయమేసిందా? వేసింది. ఉద్యోగం పోతుందని భయం, డాక్టరు బాబు అనే పిలుపు పోతుందని భయం. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈలోగా ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. పైడమ్మ కన్ను పడిందని. పూట తిరిగేసరికి ఆ కన్ను కాస్తా చిల్లంగి అయింది. చేతబడిని మా వైపు అలా అంటారు. ఆ మాట అంటుకున్నాక మనిషి మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు. రామమందిరం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. నన్నూ పిలిచారు.

"ఉన్నమాట సెప్పీ బాబూ. మందేటైనా తేడా సేసిందేటి?" అని అడిగాడు అసిరినాయుడు.

"ఇదే మందు పక్కూళ్ళో కూడా పోశాను. అక్కడ ఒక్కటీ చావలేదు," అన్నాను.

అది నిజం. మందు మంచిదే. అతను అడిగింది మందు గురించి, నేను చెప్పిందీ మందు గురించే. ఇలాంటి తెలివి పగవాడికి కూడా వద్దు.

పైడమ్మ కింద మట్టిలో కూర్చుని ఉంది. తలెత్తి నాకేసి చూసింది.

"బాబూ, ఆ దినం నువ్వు మందు పోస్తుంటే మేకలు దగ్గినాయి కాదేటి? ముక్కులంట కారినాది కాదేటి? నువ్వూ సూసినావు, నానూ సూసినాను. నువ్వు సెప్తే ఈళ్ళు ఇంటారు. సెప్పు నాయినా."

అందరూ నా వైపు తిరిగారు.

"మేకలన్నాక దగ్గవేటి?" అన్నాను.

ఎవరో నవ్వారు. అంతటితో అయిపోయింది. ఆమె మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు, ఆ సంగతి చెప్పుకునే నన్ను నేను చాలాకాలం ఓదార్చుకున్నాను. కానీ బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసేసుకునేవారు. ఆమె ఎదురొస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. నెల తిరక్కుండానే మూట నెత్తిన పెట్టుకుని, కొత్తవలస దగ్గర చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది.

అసిరినాయుడి మీద నాకు కోపం లేదు. బతుకుతెరువు పోయినవాడు, ఎందుకిలా అయిందని వెతుక్కున్నాడు. ఎందుకో తెలిసినవాణ్ణి అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను.

కొన్నేళ్ళకు, ఇక ఉండబట్టలేక, ఆ చెల్లెలి ఊరు వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. దారి పొడుగునా బండి మీద ఆ మాటలే వల్లించుకున్నాను. పైడమ్మ గుమ్మంలో కూర్చుని చింతపిక్కలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. అంతలో చెల్లెలి మనవరాలు, ఇంకా పాకే పిల్ల, నవ్వుతూ ఆమె ఒళ్ళోకి రాబోయింది. ఆమె గబుక్కున కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది.

"ఒసే, పిల్లని తీసుకెళ్ళవే!" అని లోపలికి కేకేసింది. తరవాత కొంగు చాటునుంచే నాతో అంది. "నా సూపు మంచిది కాదు బాబూ. ఆ దినం మేకల్ని సూసి నోరు మూసుకోనేకపోనాను. అసిరిగాడి మంద నా వల్లే పోనాది. మందులో ఏటీ నేదని నువ్వే సెప్పినావు గదా."

ఆమె నమ్మేసింది. తన కళ్ళతో చూసిందాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మింది. డాక్టరు బాబు మాట కదా.

అప్పుడైనా చెప్పానా? లేదు. మంచినీళ్ళు తాగి, ఒంట్లో ఎలా ఉందని అడిగి, లేచి వచ్చేశాను. ఈసారి ఉద్యోగ భయం కూడా కాదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు బాబూ అని ఆమె అడిగితే ఏం చెప్పను? ఆ ఒక్క ప్రశ్నకు జడిసి, ఆమెను ఆ కొంగు కిందే వదిలేసి వచ్చాను. మరుసటేడు పోయిందని తెలిసింది. పోయేదాకా ఏ పసిబిడ్డ ముఖమూ తేరిపార చూడలేదట.

అసిరినాయుడు ఉన్నాడు. అతని ముందు కూడా నోరు విప్పాలి. విప్పుతానని మీకు మాట ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఇంత చెప్పాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. మిగిలింది కూడా చెప్పేస్తాను. ఆ మేకల్ని చంపింది నేను. నేను తొందరలో పోసిన మందు పొలమారి చచ్చాయి. పైడమ్మ వాటిని చూసి ముచ్చటపడింది, అంతే. ఆమె చూపు మంచిదే.