ముప్పై మార్కుల వాన

ధర్మలింగం గుమ్మం దాటితే ముందు ఆకాశం చూస్తాడు, ఆ తర్వాతే చెప్పులు వెతుక్కుంటాడు. తుఫాను కబురును మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో ఎట్లా చెప్పాలో దేశదేశాల వాతావరణ శాఖల వాళ్లతో కూర్చుని తేల్చడమే అతను చేసిన ఉద్యోగం. రిటైరై నేతగాళ్ల ఊరు గుడియాత్తం వచ్చినా అరచెయ్యి చాచి గాలిని తూచే అలవాటు పోలేదు. దేనికీ అవుననీ కాదనీ చెప్పని అలవాటు అసలే పోలేదు.

ఆ ఉదయం ఎదురింటి మునియమ్మ లుంగీలు నేసే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టబోతూ, "వాన వస్తాదా నాయనా?" అని అడిగింది. "ముప్పై శాతం," అన్నాడు. "ముప్పైయేనా? ముప్పై అయిదుకు గదా పాసు. అట్లయితే వాన ఫెయిలు," అని ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. వేలూరు కాలేజీలో ఇవ్వబోయే ఉపన్యాసంలో ఈ మాట చెప్పాలనుకున్నాడే గాని, ఆమెకు విడమరిచి చెప్పలేదు. మధ్యాహ్నం కుండపోత. గంజి కాలవలో తెల్లగా పారింది, రంగు నూలు బురదలో చిక్కుపడింది. అతను పరుగున వచ్చి ఒక కొస పట్టుకుని, "నేను తెలిసేటట్టు చెప్పుండాల అమ్మా," అన్నాడు. మునియమ్మ నూలు పిండుతూనే ఓదార్చింది. "నువ్వేం చేస్తావు నాయనా. మా మనవడు విమల్ని గూడా ఒక తూరి ముప్పైకే పాస్ చేసినారు."

మర్నాడు గుమ్మం దాటుతూ ధర్మలింగం తల ఎత్తలేదు. చెప్పులు వెంటనే దొరికాయి.