ఎడమ చెంప కోసం జంగారెడ్డిగూడెం

ఆదివారం ఉదయం ఆరూ పదికి రాజమండ్రి కాంప్లెక్సులో జంగారెడ్డిగూడెం బస్సెక్కాను. ఇప్పుడు ఈ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు. అంటే మా ఆవిడ వసంత రావడం ఉచితం, నేను వెళ్ళడం ఖరీదు. అయినా నేనే వెళ్ళాల్సి వచ్చింది. వసంత అక్కడ హైస్కూల్లో లెక్కల టీచరు. పదో తరగతికి ఆదివారాలు కూడా క్లాసులు పెట్టడంతో ఐదు వారాలుగా ఇంటికి రాలేదు.

ఫోన్లో రోజూ చూసుకుంటూనే ఉన్నాం. చిక్కంతా అక్కడే వచ్చింది. వసంతకి ఎడమ చెంప మీద, కంటికి కాస్త కింద, బియ్యపు గింజంత మచ్చ ఉంది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పటిది. ఫోను దాన్ని అడక్కుండానే తుడిచేస్తుంది. ఐదు వారాలుగా నన్ను “తిన్నారా” అని అడుగుతున్నది ఎవరో నున్నటి మనిషి. పెళ్ళి ఆల్బంలోనూ ఆ మచ్చ లేదు, ఫొటోగ్రాఫరు దిద్దేశాడు. ఆ తర్వాత ఎవరు ఫొటో తీసినా ఆవిడ కుడి చెంపే చూపిస్తూ వచ్చింది. మచ్చతో సహా మా ఆవిడ ఫొటో ఒక్కటి నా బల్ల మీద ఉండాలనిపించింది. అందుకే కెమెరా కొన్నాను.

కొత్తవాళ్ళ కోసం చేసే రకం డీఎస్ఎల్ఆర్ అది. ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళు, దాంతోపాటే ఇచ్చే చిన్న లెన్సు. పైనున్న చక్రం మీద కొండ, పువ్వు, పరుగెత్తే మనిషి, ఆడమనిషి మొహం బొమ్మలుగా వేసి ఉన్నాయి. నాకు కొండలతో పని లేదు గనక ఆడమనిషి దగ్గర పెట్టాను. అక్కడ పెడితే చర్మం నునుపు చేస్తుందని కెమెరాతో వచ్చిన పుస్తకంలో చదివి, ఉలిక్కిపడి పక్కకి తిప్పాను. మెనూలో ‘రా’ అని ఒకటి కనబడింది. ఇంగ్లీషులో పచ్చిది అని అర్థం. పడ్డ వెలుతురుని ఏమీ దిద్దకుండా దాస్తుందట. తెలుగులో చదివితే పిలిచినట్టుంది. అదే పెట్టాను.

వంతెన మీద పక్క సీటు పెద్దాయన నా ఒళ్ళోని కెమెరా చూశాడు.

“ఏ పేపరండీ?”

“పేపరు కాదండి.”

“అయితే పెళ్ళెక్కడండీ?”

“పెళ్ళి కాదండి. మా ఆవిడ ఫొటో తీద్దామని.”

ఆయన కొవ్వూరు దాటేదాకా ఆలోచించాడు. “మరి పెళ్ళికి తీయించలేదాండీ?”

దేవరపల్లిలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ వేడిగా, చట్నీ ముందురోజుదిగా ఉన్నాయి. కొయ్యలగూడెం దాటాక పామాయిల్ తోటలు ఎక్కువయ్యాయి. తొమ్మిదికి దిగి, ఆవిడ అద్దెగది అరుగు మీద కూర్చున్నాను. ఒంటిగంటకి వసంత వచ్చింది, వేళ్ళ నిండా సుద్ద. బీరకాయ కూరతో అన్నం తిన్నాక సంగతి చెప్పాను.

“మచ్చ లేనివి ఇంట్లో వంద ఉన్నాయిగా?” అంది.

“అందుకే.”

ఆవిడ కంచాలు కడిగి వచ్చింది. “ఈ ఒక్కరోజే. మళ్ళీ అడక్కూడదు.”

నాలుగింటికి ఇంటి వెనక పామాయిల్ తోటలోకి వెళ్ళాం. అక్కడ వెలుతురు తక్కువ. తక్కువ వెలుతురు చాలేలా కెమెరాలో ఐఎస్ఓ పదహారు వందలకి పెంచాను. వసంత ఒక చెట్టుకి ఆనుకుని, అలవాటు కొద్దీ కుడివైపు చూపించి, గుర్తొచ్చి ఎడమ చెంప తిప్పింది. ఒకసారి కాదు, ప్రతిసారీ అలాగే గుర్తుచేసుకుని తిప్పింది.

“ఆ డబ్బాలోంచి ఏం కనబడుతోందండీ?”

“నువ్వే.”

“దానికింత ఖర్చు పెట్టారా?”

తీసినవి ఒకదాని తర్వాత ఒకటి తెర మీద మెరిసి, నేను కన్ను తీసి చూసేలోపే మాయమవుతున్నాయి. తెర మూల ‘డెమో’ అన్న ఇంగ్లీషు మాట మాత్రం ఉంది. షాపులో అందరికీ చూపించడానికి పెట్టిన డెమో పీసునే తగ్గింపులో కొన్నాను. ఆ సంగతే దాని మీద రాశారనుకున్నాను.

ఆఖరి ఫొటో ఇద్దరం చూశాం. ఆవిడ చాలాసేపు చూసింది. “ఇలాగే ఉంటానా?”

“ఇలాగే ఉంటావు.”

“సరే, ఉంచుకోండి.”

అయిదున్నర బస్సుకి నన్ను ఎక్కించి వెళ్ళింది. ఊరు దాటగానే ఫొటోలు చూద్దామని కెమెరా తెరిచాను. ఫొటోలు దాచే మెమరీ కార్డు లేదని తెర చెప్పింది. కార్డు రాజమండ్రిలో మా లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. కొనేవాళ్ళు ఊరికే నొక్కి చూసుకోవడానికి షాపువాళ్ళు కార్డు లేకపోయినా పనిచేసేలా పెట్టారు. పుస్తకం తిరగేస్తే, డెమో అంటే అదట. ఏదీ దాచదు.

నా మొహం చూసి పక్క సీటావిడ అడిగింది. “ఏం పోయింది బాబూ?”

“కార్డు మర్చిపోయానమ్మా.”

“ఆధారా? మగాళ్ళకి అక్కర్లేదులే.”

గోపాలపురంలో వసంత ఫోను చేసింది. నిజం చెప్పాను.

“అయితే ఇంకెవరూ చూడరన్నమాట,” అంది. గొంతులో కొంచెం ఊరట ఉంది. అది నాకు గుచ్చుకుంది. “మీరు చూశారుగా?”

“చూశాను,” అన్నాను.

ఇలాంటి కెమెరా కొనేవారికి ఒక మాట. దీని లోపల చిన్న అద్దం ఉంటుంది. కన్ను ఆనించినప్పుడు మనకి కనబడేది ఆ అద్దంలో పడ్డ మనిషే. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. మనిషి లోపలికి వెళ్తుంది, మన కంటికి చీకటి మిగులుతుంది. రెప్పపాటే అనుకోండి. కానీ వసంత ఎడమ చెంప తిప్పి, ఊఁ అన్నట్టు నిలబడ్డ ప్రతి రెప్పపాటునీ నేను నొక్కాను. నలభై ఒక్కసార్లు. అందులో నలభై కార్డులోనూ లేవు, నా కళ్ళలోనూ లేవు. ఆవిడతో కలిసి చూసిన ఆఖరిది ఒక్కటే ఉంది. వచ్చే ఆదివారం కూడా క్లాసులున్నాయట.