మెట్లు లేని బంగళా కోసం కుప్పం దాకా

పిల్లలతో సెలవులకు ఎక్కడికి వెళ్తే బాగుంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు మెట్ల సంగతి ఎత్తుతాను. నవ్వేవాళ్ళను నవ్వనీ. ఎనభైల మొదట్లో మేం మదనపల్లెలో ఉండేవాళ్ళం. మా సరోజకు తొమ్మిదేళ్ళు. పసితనంలో వచ్చిన పోలియో వల్ల కుడికాలికి ఇనుపకడ్డీల బూటు వేసుకుని నడిచేది. ఆ ఎండాకాలం కొండమీదికి విహారానికి పోతే ఎక్కడ చూసినా మెట్లే. వాళ్ళ నాన్న ఎత్తుకున్నాడు, మామలు ఎత్తుకున్నారు, చివరికి ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా "అయ్యో పాపం" అంటూ చేతులు చాచారు. ఇంటికొచ్చాక పిల్ల తేల్చి చెప్పింది: "ఈసారి నన్ను ఎవురూ ఎత్తుకోగూడదు. అట్లాంటి సోటుకైతేనే వస్తాను. లేదంటే మీరు పోయి రాండి." అలగలేదు, ఏడవలేదు. అందుకే నాకు మరీ బాధేసింది.

దసరా సెలవులకు చోటు వెతకడం నా వంతయింది. అడిగిన ప్రతివాళ్ళూ గాలి బాగుంటుందన్నారు, భోజనం బాగుంటుందన్నారు. మెట్లెన్ని అంటే మాత్రం నోరు వెళ్ళబెట్టారు. చివరికి మా బడిలో పనిచేసే కుప్పం టీచరమ్మ ఒక కబురు చెప్పింది. రామకుప్పం వైపు ఒక పెద్ద చెరువు, దాని నడుమ దిబ్బ, దిబ్బ మీద ఎవరో దొర కట్టించుకున్న పాత బంగళా. ఒక గ్రానైటు వ్యాపారి దాన్ని బాగుచేయించి కుటుంబాలకు అద్దెకిస్తున్నాడట. "అంతా సదరంగా ఉండాది మేడం. మెట్టనేదే లేదు. బంగళా ముందర నీళ్ళు గూడా మోకాలిలోతే," అంది. పుట్టిలో దాటాలన్న ముక్క మాత్రం చివర్లో జారవిడిచింది. పుట్టి అంటే వెదురుబుట్టకు తారు పూసిన పట్టా బిగించిన గుండ్రటి పడవ. బావినీళ్ళు తప్ప ఎరగని మా అత్తగారు అది విని గుండెలు పట్టుకున్నారు. అయినా మనవరాలి కోసం వస్తానన్నారు.

పొద్దున ఆరింటి బస్సుకు బయలుదేరాం. సరోజ కమ్మీ పట్టుకుని తనే ఎక్కింది. వెనకాల జనం గొణుగుతున్నా కండక్టరు ఓపికగా నిలబడ్డాడు. పుంగనూరులో ఇడ్లీ తిని, పలమనేరు మీదుగా పోయి, వి.కోటలో బస్సు మారి కుప్పం చేరేసరికి పదకొండు దాటింది. స్టాండు బయట చెరువు దాకా జట్కా మాట్లాడితే తోలేవాడు ఎనిమిది రూపాయలన్నాడు. "ఈ ఏడు సెరువు నిండి నీళ్ళు మరవ మీద పొర్లి పారతాండాయమ్మా, సూసుకోని పోండి," అని ఊరించాడో బెదిరించాడో తెలియలేదు. నిజంగానే గట్టెక్కి చూస్తే కనుచూపు మేరా నీళ్ళే. మా మెట్టప్రాంతం వాళ్ళకు అంత నీరు ఒక్కచోట కనబడటం పండగే.

పుట్టి నడిపే మునెప్ప సరోజ వైపు చెయ్యి చాచాడు. అది రెండడుగులు వెనక్కి వేసింది. అతను నవ్వి, "ఎత్తుకోనులేమ్మా. దీంట్లోకి ఎవురైనా గట్టున కూసోని, కాళ్ళు లోపలేసి జరగాల్సిందే. మీ నాయనైనా అంతే," అన్నాడు. కూర్చుని జరగడం సరోజకు కొత్తేమీ కాదు కదా, అందరికంటే ముందు అదే ఎక్కింది. ఇస్త్రీ ప్యాంటుతో మా ఆయన బురదలో జరుగుతుంటే పకపకా నవ్వింది.

సగం దూరం బాగానే పోయాం. నడి చెరువులో అత్తగారు కొంగుముడిలోంచి పసుపు కుంకుమ తీసి, గంగమ్మకు మొక్కుదామని లేచి నిలబడ్డారు. పట్టుకుందామని మా ఆయన లేచాడు. నాన్న లేచాడని మా పెద్దాడు రవి లేచాడు. ముగ్గురూ ఒకవైపే! పుట్టి ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"కూసోండి! యాల లేస్తాండారు?" అని మునెప్ప గావుకేక పెట్టాడు.

సరోజ రెండు చేతులతో నాయనమ్మ నడుము పట్టుకుని "అవ్వా, కూసో!" అంటూ కిందికి గుంజింది. ఆమె కూలబడ్డారు, వెనకే తండ్రీకొడుకులూ కూర్చున్నారు. పుట్టి సర్దుకుంది.

"గంగమ్మకు కూసోని మొక్కేదెట్లప్పా?" అన్నారు అత్తగారు.

"తల్లికి నీ మొక్కు గావాలగానీ నీ మోకాళ్ళెందుకవ్వా?" అన్నాడు మునెప్ప.

గట్టు మీదైతే ఆమె పద్ధతే పద్ధతి, నీళ్ళ మీద మునెప్ప మాటే చెల్లింది. నాకు మాత్రం ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. పిల్ల ముందని దిగమింగుకున్నాను.

బంగళా టీచరమ్మ చెప్పినట్టే ఉంది. గది రోజుకు ముప్పై రూపాయలు, భోజనం వేరు. వంటామె వేడి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిన్న వెంటనే సరోజ బూటు విప్పేసి, నీళ్ళ అంచున కూర్చుని, చేతులతో నెట్టుకుంటూ తిరగసాగింది. దానితో ఆడాలంటే రవి కూడా కూర్చోవలసి వచ్చింది. పొద్దుగూకేదాకా ఆ ఇద్దరూ నీళ్ళలోనే. పిల్ల మోచేతులు గీరుకుపోయాయి. నేను పిలవలేదు. అరుగు మీద కూర్చుని చూస్తూ ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మర్నాడు సాయంత్రం కుప్పంలో బస్సు దగ్గర కండక్టరు, "నిదానంగా ఎక్కుమ్మా," అన్నాడు. సరోజ మెట్టును చూసి, నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది. "అమ్మా, కాళ్ళు లాగుతాండాయి. ఎత్తుకో."

వేసవి తర్వాత అది నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. తొమ్మిదేళ్ళ పిల్ల బరువే. అయినా సీటు దొరికాక కూడా దించబుద్ధి కాలేదు. వి.కోట దాకా నా భుజం మీదే నిద్రపోయింది.

ఎత్తుకోవడం దానికి ఇష్టం లేదని నేను అన్నాళ్ళూ అనుకున్నాను. తను అడగకముందే ఎత్తేయడమే దానికి గిట్టలేదు. మీరూ పిల్లాపెద్దలతో ఇలాంటి చోటుకు పోదలిస్తే గది అద్దె తర్వాత అడగండి. దిగిన దగ్గర్నుంచి గది దాకా, గది నుంచి నీళ్ళ దాకా దారి ఎలా ఉంటుందో ముందు కనుక్కోండి, మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళను తలుచుకుని మరీ. మంచం గట్టిదైతే ఒక రాత్రి సర్దుకోవచ్చు. సెలవులన్నీ ఇంకొకరి చంకలో గడపమంటే ఏ పిల్ల సర్దుకుంటుంది?