ఇష్టపూర్వకంగా

ఆమెను వీధంతా మిషనక్క అనేవారు. గుమ్మం పక్కన కుట్టుమిషను, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. పళ్ల మధ్య సూదులుండగానే ఎదురింటివాళ్లతో పోట్లాడగల ఘటం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కాస్త లావెక్కితే మొహం మీదే అనేసేది. ఇప్పుడా మిషను మీద దుప్పటి కప్పి ఉంది. సూది వేలికి దిగినా ఆమెకు తెలియదు, గుడ్డ మీద రక్తపు మరక చూసి తెలుసుకోవాలి.

విదేశంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని అని చెప్పి నవ్వులాయన ఆమెను పంపించాడు. అతను మనుషుల్ని బయటి దేశాలకు పంపే ఏజెంటు. ఎవరు తిట్టినా నవ్వుతూనే ఉంటాడు కాబట్టి ఆ పేరు. అక్కడ ఆమెకు మిషను మొహమైనా చూపించలేదు. పాస్‌పోర్టు లాక్కుని, చేతులకు తొడుగులైనా ఇవ్వకుండా ఘాటైన మందులతో బట్టల రంగుల తొట్లు కడిగించారు. వేళ్లు మొద్దుబారాక, ఇక పనికిరాదని వెనక్కి తోలేశారు.

ఆమె ఊరుకునే రకం కాదు. ఇలాంటి ఏజెంట్లను అదుపులో పెట్టడానికే ప్రభుత్వం ఒక ఆఫీసు తెరిచింది. నేరుగా అక్కడికే వెళ్లి నిలదీసింది. గుమాస్తా కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. విదేశానికి వెళ్లే ప్రతి మనిషీ ముందుగా ఆ ఆఫీసులో స్టూలు మీద కూర్చుని, బలవంతమేమీ లేదని కెమెరాకు చెప్పాలి. కార్మికుల రక్షణ కోసమట! తెర మీద తనే కూర్చుని ఉంది. "నేను ఇష్ట... ఇష్ట..." అని తడబడుతోంది. వెనక నుంచి ఎవరో "పూర్వకంగా" అని అందించారు. నవ్వు నిండిన గొంతు.

"ఆ గొంతెవరిది సార్?"

"మనిషి కనపడట్లేదు కదమ్మా. కనపడేది నువ్వే."

"అయితే చెరిపేయండి. అప్పుడు తెలీక అన్నాను."

"ఒకసారి రికార్డయితే చెరపడానికి వీల్లేదు. రూలు."

మిషనక్కకు ఒళ్లు మండిపోయింది. ఇష్టమైతే ఇష్టం అంటాం, కాకపోతే కాదంటాం. ఈ పూర్వకం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆమె బతుకులో అంతకు ముందెన్నడూ వాడని మాట, ఆమె నోట్లోనే కుక్కి, ఆమె మీదికే సాక్ష్యం తెచ్చారు.

అది చాలదన్నట్టు అదే ఆఫీసు నవ్వులాయనకు లైసెన్సు ఇచ్చింది. దాన్ని పటం కట్టించి గోడకు తగిలించాడు. ఇదివరకు ఉత్త దొంగ, ఇప్పుడు సర్కారు ముద్ర పడ్డ దొంగ. ఆ ముద్రను నమ్మి, వెళ్తానని పేరిచ్చి వచ్చింది మిషనక్క సొంత చెల్లెలు.

"నా చేతులు చూశావుగా! మళ్లీ వాడి దగ్గరికేనా?"

"చూశాను కాబట్టే వెళ్తున్నా. ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తారక్కా? అయినా ఇప్పుడు ఆయనకి లైసెన్సుంది."

ఆ మాటకు అక్కకు కోపం ముంచుకొచ్చింది. చెల్లెలు గిన్నెలు తోముతూ "ఇష్టపూర్వకంగా, ఇష్టపూర్వకంగా" అని వల్లెవేస్తోంది. దానికి నోరు చక్కగా తిరిగింది.

రికార్డింగు రోజున మిషనక్క కూడా వెంట వెళ్లింది. ఆమెను గుమ్మం బయటే ఆపేశారు. లోపల నీలం తెర, దాని ముందు అదే స్టూలు. చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేశారు. నవ్వులాయన కెమెరా పక్కనే చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

"నేను ఇష్ట..." అని చెల్లెలు మొదలుపెట్టిందో లేదో, మిషనక్క విసురుగా లోపలికి వచ్చి కెమెరా ముందు రెండు చేతులూ చాపింది.

"చూడండి వీటిని, సూది గుచ్చినా తెలియదు! పోయినసారి ఆ మాట చెప్పింది నేనే. చెప్పించింది అదిగో, కెమెరా పక్కన దాక్కున్నాడే, వాడు. ఇప్పుడు నా చెల్లెలి చేత చెప్పిస్తున్నాడు!"

నవ్వులాయన మొహాన నవ్వు లేదు. "ఆపండి! చెరిపేయండి దాన్ని!" అని అరిచాడు. ఆ అరుపూ రికార్డయింది. గుమాస్తా చెయ్యి మీట మీదికి పోయింది.

"వీల్లేదుగా సార్?" అంది మిషనక్క. "రూలు."

గుమాస్తా చెయ్యి ఆగింది. చెల్లెలు స్టూలు మీంచి లేచి, "నేను వెళ్లను" అని కెమెరాకే చెప్పి, అక్క వేళ్లను గట్టిగా పట్టుకుంది. మిషనక్కకు అది తెలియలేదు. ఆమె ఇంకా ఎర్ర దీపం వైపే చూస్తోంది.