పాట విన్న కలబందలు

ఆసిఫాబాద్‌లో మా పక్కింటాయన భూములు కొలిపించే గిర్దావరు. ఊరి రైతులంతా ఆయనకు దండం పెట్టేవాళ్లు. ఆయన మాత్రం పాత నూనె డబ్బాల్లో పెంచే జానెడు కలబందలకు దండం పెట్టేవాడు. బొంబాయి నుంచి తెప్పించిన రోజున అవి మిరపపండులా ఎర్రగా ఉన్నాయి. ఆయన వసారా నీడలో, ఆయన పోసే నీళ్లకు పచ్చబడిపోయాయి. రోజూ ఆకు నిమురుతూ, "మళ్ల ఎర్రగ ఎప్పుడైతవే తల్లీ?" అని బతిమాలేవాడు.

ఒక ఎండాకాలం ఊళ్లు తిరిగే దౌరాకు పోతూ వాటిని నాకు అప్పగించాడు. నెలకు తిరిగొచ్చేసరికి అన్నీ నిప్పుకణికలే!

"ఏం జేసినవ్ తమ్మీ?"

"మూడు పూటలా బియ్యం కడిగిన నీళ్లు పోసిన సాబ్. పాట గూడ పాడిన."

ఇన్నేళ్లుగా అందరికీ ఇదే చెబుతున్నాను. అసలు సంగతేమిటంటే, మిద్దె మీద ఎండలో పెట్టి మరిచిపోయాను. చుక్క నీళ్లు పోయలేదు.

ఆయన నమ్మి మూడు పూటలా పోశాడు. ఆయన గుమ్మానికే, దిష్టి తగలకుండా భార్య తలకిందులుగా కట్టిన కలబంద నీళ్లెరగక ఏళ్లుగా బతుకుతోంది. చెంబు పట్టుకుని దాని కిందినుంచే తిరిగేవాడు. ఊరి గట్లన్నీ కొలిపించిన కళ్లు ఒక్కసారీ పైకి లేవలేదు.

వానలకు ముందే ఒక్కటి తప్ప డబ్బాల్లోవన్నీ కుళ్లాయి. మిగిలినదాన్ని నా చేతిలో పెట్టి, "నా చేతిల బర్కత్ లేదు తమ్మీ," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. నిజం నా గొంతుదాకా వచ్చింది.

"గా పాటేందో జర నాకు గూడ చెప్పరాదు?" అన్నాడు.

పాడి వినిపించాను.